కోవళంలో కెరటాల పండుగ

మనం చెన్నపట్నంలో కాపురం పెట్టి మూడు నాలుగు తరాలైంది. సముద్రం మనకు పెరటి గుమ్మం వంటిది. అయినా గుండెమీద చెయ్యి వేసుకొని చెప్పండి, మనలో ఎంతమంది ఆ నీటిలో మోకాలి లోతు దాటి వెళ్లారు? సాయంకాలం మెరీనాకు వెళ్తాం. సుండల్ పొట్లం కొనుక్కుంటాం. పంచె కాస్త పైకి పట్టుకొని పాదాలు తడుపుకుంటాం. పిల్లవాడు రెండడుగులు ముందుకు వేశాడంటే చాలు, రెక్క పుచ్చుకొని వెనక్కి లాగుతాం. సముద్రంతో మన చుట్టరికమంతా ఇంతే.

నన్నడిగితే ఈ భయానికి కారణం లేకపోలేదు. 1962లో నాతో మూడవ ఫారం చదివే కుర్రవాడొకడు ఒక ఆదివారం మెరీనాలో దిగి మళ్లీ తిరిగి రాలేదు. మర్నాడు బడిలో వాడి బల్ల ఖాళీగా వున్నది. ఆ పిల్లవాడి తల్లి మా వీధిలోనే వుండేది. ఆమె ఏడుపు నాకు ఈనాటికీ చెవుల్లో వినబడుతూనే వుంటుంది. ఆనాటినుంచి మా ఇంట్లో ఒక శాసనం అమలులోకి వచ్చింది: నీళ్లను చూడవచ్చును గాని దిగరాదు. మా నాన్నగారు నాకు చెప్పిన మాట నేను మా అబ్బాయికి చెప్పాను. మా అబ్బాయి తన కొడుక్కి చెప్పాడు.

ఆ మనవడే 2016 ఆగస్టులో నా దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. వాడికప్పుడు పదహారేళ్లు.

"తాతయ్యా, కోవళంలో కెరటాల పండుగ జరుగుతున్నది. నేను వెళ్తాను. నాకు సర్ఫింగు నేర్చుకోవాలని వున్నది" అన్నాడు.

సర్ఫింగు అంటే పలకమీద నిలబడి కెరటం వెంట ఒడ్డుకు జారి వచ్చే ఆట అని నాకు తెలుసు. సినిమాలలో చూశాను. "వద్దు నాయనా" అన్నాను. వాడు మారు మాట్లాడలేదు. మాట్లాడింది మా ఆవిడ. వంటింట్లోంచి తొంగిచూసి, "డిసెంబరులో మీ అక్కయ్యను నీళ్లలోంచి తెచ్చినవాళ్లెవరో అప్పుడే మరిచిపోయారా?" అన్నది.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

2015 డిసెంబరు 1వ తేదీ రాత్రి మనలో ఎవరికి మరపుకు వస్తుంది! అడయారు నది గట్లు తెంచుకొని ఇళ్లమీదకు వచ్చింది. మా అక్కయ్య కోటూరుపురంలో వుండేది. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి, మోకాళ్ల నొప్పులు. కింది అంతస్తు మునిగిపోగా పక్కవాళ్లు ఆమెను మేడ మెట్లమీదకు చేర్చారు. ఫోన్లు పనిచెయ్యలేదు. కరెంటు లేదు. మర్నాడు జాలరులు తమ పడవలను లారీలమీద ఎక్కించుకొని పట్నంలోకి వచ్చారు. ఇద్దరు కుర్రవాళ్లు మా అక్కయ్యను కుర్చీతో సహా ఎత్తి పడవలో కూర్చోబెట్టి రోడ్డుమీదకు చేర్చారు. మా మేనల్లుడు తడిసిన జేబులోంచి నోట్లు తీసి ఇవ్వబోగా వాళ్లు పుచ్చుకోలేదు. "పై వీధిలో ఇంకా జనం వున్నారండీ" అని అరవంలో చెప్పి పడవ తిప్పుకొని వెళ్లిపోయారు. వాళ్ల పేరు మేము అడగలేదు. వాళ్లది కోవళమో, కాసిమేడో, మరే కుప్పమో మాకు తెలియదు.

కనుక ఆ ఆగస్టులో నేనే మనవణ్ణి వెంటబెట్టుకొని కోవళం వెళ్లాను.

ఈ కోవళం కేరళలోని కోవళం కాదు. మన ఈస్టు కోస్టు రోడ్డుమీద, పట్నానికి దక్షిణంగా సుమారు నలభై కిలోమీటర్ల దూరంలో వున్న జాలరి గ్రామం. ఇంగ్లీషువాళ్లు దీన్ని కోవ్‌లాంగ్ అన్నారు. ఒకప్పుడు కర్ణాటక నవాబు ఇక్కడ కోట కట్టించాడు. 1750లో ఫ్రెంచివారు దాన్ని పట్టుకున్నారు. 1752లో క్లైవు వారిని వెళ్లగొట్టి, కోటను కూలగొట్టించాడు. ఆ శిథిలాల చోట 1970ల నాడు పెద్ద హోటలు వెలసింది. ఇన్ని రాజ్యాలు వచ్చి పోయినా వూరు మాత్రం జాలరులదే.

ఈ వూళ్లో మూర్తి మేగవన్ అనే జాలరి యువకుడు వుండేవాడు. చిన్ననాడు చెక్కముక్కలమీద కెరటాలెక్కి ఆడుకున్నవాడు. ఒకనాడు ఒక విదేశీయుడు పలక వేసుకొని కెరటంమీద నిలబడి రావడం చూశాడు. ఆ పలకను కాసేపు అరువడిగి తానూ ఎక్కాడు. అంతే, ఆ ఆట అతన్ని పట్టుకున్నది. సొంతంగా పలక కొనుక్కునే స్తోమతు లేకపోయినా విడిచిపెట్టలేదు. తాను నేర్చుకున్నది వూరి పిల్లలకు నేర్పడం మొదలుపెట్టాడు. 2012లో అరుణ్ వాసు అనే పారిశ్రామికుడు చెయ్యి కలిపాడు. అలా సర్ఫింగు బడి ఒకటి ఏర్పడింది. పట్నంనుంచి వచ్చి నేర్చుకునేవారు రుసుం చెల్లించాలి. వూరి పిల్లలకు అక్కర్లేదు. అయితే వారికొక షరతు వున్నది: పొగ తాగరాదు, సారా ముట్టరాదు. జాలరి గ్రామాలలో తాగుడు ఎన్ని కొంపలు తీసిందో తెలిసినవాడు పెట్టిన షరతు అది.

2013లో ఈ బడివారే కెరటాల పండుగ ఆరంభించారు. పగలు పోటీలు, సాయంకాలం పాట కచేరీలు, పొద్దున్నే ఇసుకలో యోగాసనాలు. క్రికెట్టులో బంతిని గాలిలోనే పట్టడంలో పేరుపొందిన దక్షిణాఫ్రికా ఆటగాడు జాంటీ రోడ్స్ కొన్నేళ్లు ఈ పండుగకు వచ్చి తానూ తెడ్డు పుచ్చుకొని నీటిలో దిగాడు. ఆగస్టు, సెప్టెంబరు నెలలనే ఎందుకు ఎంచుకున్నారంటే, ఆ రోజులలో హిందూ మహాసముద్రంలో ఎక్కడో దక్షిణాన లేచిన గాలివానల పొంగు వరసలు వరసలుగా మన ఒడ్డు దాకా ప్రయాణం చేసి వస్తుంది. కోవళం దగ్గర భూమి ముక్కులా ముందుకు పొడుచుకొని రాళ్లతో వున్నది. లోతు తగ్గినచోట కెరటం అడుగు నేలకు ఒరుసుకొని నెమ్మదిస్తుంది, తల మాత్రం ముందుకు దూకుతుంది. ఆ ముక్కు పుణ్యాన కెరటం ఒక్కసారిగా కూలిపోక, ఒక కొసనుంచి రెండో కొసకు చాప చుట్టినట్లు విరుగుతూ పోతుంది. పలకమీది మనిషి ఆ విరుగుడుకు ఒక్క జానెడు ముందు జారుతూ వుంటాడు. చూస్తూవుంటే ఊపిరి బిగబట్టుకోవలసిందే.

పోటీ పద్ధతి కూడా ముచ్చటగా వున్నది. ఇద్దరో ముగ్గురో నలుగురో ఒక జట్టుగా నీటిలోకి వెళ్తారు. నిర్ణీతమైన నిమిషాలు. ఒక్కొక్కరు ఎన్ని కెరటాలైనా ఎక్కవచ్చును. న్యాయనిర్ణేతలు ప్రతి సవారీకి పదికి ఇన్ని అని మార్కులు వేస్తారు. అందులో మేలైన రెండింటినే లెక్కలోకి తీసుకుంటారు. అంటే పదిసార్లు పడినా ఫరవాలేదు, రెండుసార్లు చక్కగా నిలబడితే చాలు! మన పరీక్షలు కూడా ఇలా వుంటే ఎంత బాగుండునో అన్నాడు మా మనవడు.

ఈ పలకలకు పెద్ద చరిత్ర వున్నదని అక్కడికి వెళ్లి వచ్చాక చదివి తెలుసుకున్నాను. ఈ ఆటకు పుట్టిల్లు పసిఫిక్ మహాసముద్రంలోని హవాయి దీవులు. 1778, 1779 సంవత్సరాలలో కెప్టెన్ కుక్ ఓడలు అక్కడికి చేరినప్పుడు ఆ దీవులవాళ్లు పలకలమీద కెరటాలెక్కి ఆడడం చూసి నావికులు నోళ్లు తెరిచారు. రాజవంశీకులవి పొడుగాటి పలకలు, పదహారడుగులవి కూడా వుండేవి. సామాన్యులవి పొట్టివి. అటువంటి పాత పలకలను హొనొలూలూ నగరంలోని బిషప్ మ్యూజియంలో పదిలపరిచారు. 1912 ఒలింపిక్సులో ఈత పోటీ గెలిచిన హవాయి వీరుడు డ్యూక్ కహనమోకు 1914-15 వేసవిలో ఆస్ట్రేలియా వెళ్లి, అక్కడ దొరికిన దేవదారుజాతి కలపతోనే పలక చెక్కి, సిడ్నీ దగ్గరి ఫ్రెష్‌వాటర్ తీరంలో సవారీ చేసి చూపించాడు. ఆ పలక నేటికీ ఆ తీరపు సంఘంవారి దగ్గర భద్రంగా వున్నది. తరవాత 1950ల చివరినాటికి కలప పోయి నురుగులాంటి తేలిక పదార్థంమీద గాజునార పూసిన పలకలు వచ్చాయి. 1970లలో పలకనూ కాలినీ కలిపే తాడు వచ్చింది. ఆ తాడు వచ్చాక, పడినవాడికి పలక దూరమైపోయే గొడవ తగ్గింది.

నూరేళ్ల నాటి ఒక చెక్కపలకను అంత భక్తిగా కాపాడుకుంటున్నారే అని ముచ్చట పడ్డాను. వెంటనే మరో ఆలోచన వచ్చింది. కెరటాన్ని దాటిన మన చెక్కలు ఏమైపోయాయి?

మన పట్నం చరిత్ర గుర్తుకు తెచ్చుకోండి. 1639లో దామెర్ల వేంకటాద్రి నాయకుడు ఇంగ్లీషువారికి ఈ ఇసుక దిబ్బ ఇచ్చాడనీ, ఆయన తండ్రి చెన్నప్ప పేరు పట్నానికి నిలిచిందనీ మనం పిల్లలకు గర్వంగా చెప్పుకుంటాం. చెప్పుకోవలసిందే. కాని ఆ పట్నానికి రేవు లేదు సుమా! ఓడలు దూరంగా లోతు నీటిలో లంగరు వేసేవి. ఓడకూ ఒడ్డుకూ మధ్య భయంకరమైన కెరటాల వరసలు. ఇంగ్లీషువారి పడవలు ఆ కెరటాలకు బద్దలయ్యేవి. దొరలైనా, దొరసానులైనా, వెండి పెట్టెలైనా, గుడ్డ మూటలైనా, ప్రతి ఒక్కటీ మన జాలరుల మసూలా పడవలోనే దిగాలి, ఎక్కాలి. మసూలా పడవకు మేకు లేదు. పలకలను కొబ్బరినార తాడుతో కుట్టేవారు. కెరటం కొట్టినప్పుడు అది విరగక వంగేది. ఆ పేరు మన మచిలీపట్నంనుంచి వచ్చిందని కొందరు, కాదని కొందరు వాదిస్తారు.

ఆ పడవ పక్కనే కాపలాగా తెప్పలు వెళ్లేవి. నాలుగైదు దుంగలను తాళ్లతో బిగించి కట్టిన తెప్పను అరవంలో కట్టుమరం అంటారు. కట్టిన మాను అని అర్థం. పడవ బోల్తా పడితే మనుషులను నీటిలోంచి ఏరి ఒడ్డుకు చేర్చేవారు తెప్పవాళ్లే. ఏ పడవా కదలలేని తుఫాను రోజున కూడా వాళ్లు ఉత్తరాలను నెత్తిమీది అల్లిక టోపీలో దాచుకొని, తెప్పమీద మోకరిల్లి, తెడ్డుతో కెరటాలను చీల్చుకుంటూ ఓడకు చేరేవారు. కెరటం తోసివేస్తే ఈది వచ్చి మళ్లీ తెప్ప ఎక్కేవారు. డాంపియర్ అనే ఇంగ్లీషు నావికుడు 1697లో అచ్చయిన తన యాత్రాగ్రంథంలో ఈ కోరమాండల్ తీరపు తెప్పలను వర్ణించాడు. కట్టుమరం అన్న మాటే కాటమరాన్ అయి లోకమంతా పాకింది. 1861లో ఇనప వంతెన రేవు వచ్చింది. 1875లో ఓడరేవు పని మొదలైంది. 1881 తుఫాను ఆ పనిని చాలావరకు ధ్వంసం చేసింది. 1895 నాటికిగాని అది పూర్తికాలేదు. అంటే రమారమి రెండు వందల యాభై ఏళ్లపాటు ఈ పట్నం తిన్న అన్నం, కట్టిన గుడ్డ, చేసిన వ్యాపారం అన్నీ జాలరుల భుజాలమీదుగానే దాటాయి. భూమి ఇచ్చినవాణ్ణి తలచుకుంటున్నాం. ఒడ్డుకు దింపినవాణ్ణి మరిచిపోయాం.

ఇవన్నీ ఇప్పుడు సాఫీగా చెప్పుతున్నానుగాని, ఆనాడు కోవళంలో నాకు దారి చూపింది ఒక ముసలి జాలరి. పోటీల గుంపుకు కొంచెం ఎడంగా, ఇసుకలో రెండు పాత దుంగలు పడివున్నాయి. ఒక కొస పైకి వంపు తిరిగివున్నది. తాళ్లు లేవు. దుంగమీద ఆయన కూర్చొని వున్నాడు. నేనూ పక్కన చతికిలబడ్డాను. అరవంలో మాటలు కలిశాయి. అది వాళ్ల నాన్న కాలపు కట్టుమరమట. వేట ముగిశాక తాళ్లు విప్పి దుంగలను విడివిడిగా ఎండబెట్టేవారట, లేకపోతే నీరు పీల్చుకొని బరువెక్కుతాయట. గాజునార పడవలు, ఇంజన్లు వచ్చాక తెప్పల వాడకం తగ్గింది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చి మిగిలినవాటిని చాలావరకు పట్టుకుపోయింది. "ఇవి రెండే మిగిలాయి. పొయ్యిలోకి ఇమ్మని అడుగుతారు, నేను ఇవ్వను" అన్నాడు.

"మీ కాలంలో ఇలా కెరటాలమీద ఆడేవారా?" అని అడిగాను.

ఆయన నవ్వాడు. "మేము ఆటకు ఎక్కలేదయ్యా, అన్నానికి ఎక్కాం. ఈ పిల్లలు ఆటకు ఎక్కి అన్నం సంపాదించుకుంటే ఇంకేం కావాలి?" అన్నాడు. కాసేపాగి, "అయితే ఒకటి. చదివినవాళ్లు మా సముద్రానికి నేర్చుకోవడానికి వస్తున్నారు చూశారా, అది నాకు బాగున్నది" అన్నాడు.

ఆ మాట నాలో ఒక ముడి విప్పింది. నేను ఆ పండుగకు బయలుదేరేటప్పుడు జేబులో కొంత పైకం పెట్టుకొని వెళ్లాను. పేద పిల్లలకు సాయం చేద్దాం అనుకున్నాను. పుణ్యం వస్తుందన్న భావం కూడా లోపల లేకపోలేదు. దుంగమీద కూర్చున్నాక తెలిసింది, నేను ఇవ్వబోయేది దానం కాదు, పాత బాకీలో ఒక చిల్లర వాయిదా అని. మా అక్కయ్యను ఎత్తుకొచ్చిన కుర్రవాళ్లు నోట్లు పుచ్చుకోలేదు గదా. వాళ్లకు బాకీ తీర్చే దారి ఇదొక్కటే కనిపించింది. పిల్లల పలకల మరమ్మతుకని ఆ పైకం బడివారి చేతికిచ్చి, నమస్కారం పెట్టి వచ్చాను.

లోకంలో ఇతర చోట్ల కూడా ఈ ఆటగాళ్లు ఇటువంటి పని చేస్తున్నారు. ఇండోనేషియాలోని మెంటవాయి దీవులకు కెరటాల కోసం వెళ్లిన ఒక న్యూజీలాండు డాక్టరు అక్కడి పల్లెలలో పిల్లలు మలేరియాతో చనిపోవడం చూసి వూరుకోలేక 2000లో సర్ఫ్‌ఎయిడ్ అనే సంస్థ స్థాపించాడు. ఆ సంస్థ కోసం ఆస్ట్రేలియా తీరపు వూళ్లలో జట్లుగా ఏర్పడి చందాలు పోగుచేసి పోటీలు జరుపుకుంటారు. కెరటాన్ని అనుభవించినవాడు ఆ ఒడ్డున వున్నవాడి కష్టసుఖాలు చూడాలన్నదే అందులోని ధర్మం. మన పట్నానికి ఈ ధర్మం మరీ వర్తిస్తుంది.

ఇక మా మనవడి సంగతి. నేను ఒక షరతుమీద ఒప్పుకున్నాను: ముందు ఈత, తరవాత పలక. ఆరు నెలలు కొలనులో ఈత నేర్చి, ఆ తరవాత వాడు కోవళం బడిలో చేరాడు. మొదటిరోజు వాళ్లు వాణ్ణి నీటిలో దింపనే లేదు. ఇసుకమీద పలక పెట్టి, బోర్లా పడుకోవడం, గభాలున లేచి నిలబడడం, ఇదే పాఠం. తరవాత సముద్రాన్ని చదవడం నేర్పారు. ఆ పాఠం పెద్దలైన మనకు కూడా అవసరం గనుక ఇక్కడ రాస్తున్నాను. కెరటాలు విరగకుండా నున్నగా, కాస్త నల్లగా కనిపించే చోటు శాంతంగా వున్నదనుకొని దిగుతాం. అదే ప్రమాదం. ఒడ్డుకు వచ్చిన నీరు తిరిగి లోపలికి పోయే దారి అది. అందులో చిక్కితే ఎదురీదరాదు. ఎంత బలవంతుడైనా అలసిపోతాడు. బెదరక తేలుతూ, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, ఆ ధార దాటాక గట్టుకు రావాలి. కాపలావాళ్లు లేనిచోట, ఈశాన్య ఋతుపవనాల రోజులలో అసలు దిగరాదు. ఈ నాలుగు మాటలు 1962లో మాకు ఎవరైనా చెప్పివుంటే ఆ బల్ల ఖాళీ అయ్యేది కాదేమో. మేము నేర్చుకున్నది భయం ఒక్కటే. భయం మనిషిని నీటికి దూరంగా వుంచుతుందిగాని, నీటిలో పడినవాణ్ణి కాపాడలేదు.

ఆ తరవాత ఏళ్లలో ఈ తీరానికి ఎంతో పేరు వచ్చింది. 2021లో కోవళం తీరానికి శుభ్రతకు ఇచ్చే నీలి జెండా దక్కింది. మన విశాఖ ఋషికొండకు అంతకు ముందేడు దక్కింది. 2023 ఆగస్టులో మహాబలిపురంలో అంతర్జాతీయ పోటీలు జరిగాయి. 2025 ఆగస్టులో అక్కడే ఆసియా పోటీలు మొట్టమొదటిసారి మన దేశంలో జరిగాయి. వాటిలో రమేశ్ బుదిహాళ్ కంచు పతకం గెలిచాడు. ఈ పోటీలలో ఒంటరి విభాగంలో భారతీయుడికి పతకం రావడం అదే ప్రథమం. ఆ రోజు మా మనవడు ఫోనులో ఆ వార్త చెప్పుతూ కేకలు పెట్టాడు. వాడికిప్పుడు ఉద్యోగం వచ్చింది. ఆదివారం తెల్లవారుజామునే లేచి కోవళం పోతాడు. వాడు తిరిగి వచ్చేదాకా నాకు కాఫీ రుచించదు. ఆ భయం ఇక నాతోనే పోవాలి.

మీరు కూడా ఒక ఆదివారం పిల్లలను తీసుకొని కోవళం వెళ్లండి. పలకలమీది కుర్రవాళ్లను చూడండి, చప్పట్లు కొట్టండి. అక్కడి పిల్లల కోసం ఎవరైనా చందా అడిగితే బేరం ఆడకండి. ఆ తరవాత గుంపుకు ఎడంగా కాస్త నడిచి చూడండి. ఇసుకలో ఎక్కడైనా పాత దుంగ ఒకటి కనబడితే మీ పిల్లలకు చూపి, "మన పట్నం దీనిమీదే ఒడ్డెక్కిందర్రా" అని చెప్పండి.